అరటిపండు కస్టర్డ్ పొరల డెజర్ట్: క్రిస్మస్ మధ్యాహ్నానికి పాతిక మందికి చేయాలి, సలహాలు కావాలి

తార్నాక_వంటిల్లు:
అందరికీ నమస్కారం. ఈ 25న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అందరం కలిసి భోజనాలు పెట్టుకుంటున్నాం. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కోటి చేసి తేవాలి. పై అంతస్తు ఆంటీవాళ్లది క్రిస్మస్ పండుగ కాబట్టి ప్లమ్ కేక్ వాళ్లు తెస్తున్నారు, బిర్యానీ ఇంకొకరిది, స్వీటు నా వంతు. డబుల్ కా మీఠా మన ఊళ్లో ప్రతి ఫంక్షన్‌లోనూ తింటూనే ఉంటాం కదా. ఈసారి చల్లగా ఏదైనా పెడదామనుకున్నాను. గాజు గిన్నెలో బిస్కెట్లు, అరటిపండు ముక్కలు, కస్టర్డ్, మళ్లీ బిస్కెట్లు, అలా పొరలు పొరలుగా వేసి పైన క్రీమ్ వేసే బనానా పుడ్డింగ్ చేయాలని ఉంది.

పాతిక మంది ఉంటారు, పిల్లలతో కలిపి. అందులో సగం మంది గుడ్డు ముట్టరు. ఇంతవరకు కస్టర్డ్ అంటే ఇంట్లో నలుగురికి ఫ్రూట్ సలాడ్‌లోకి చేయడమే. అరటిపండు నల్లబడుతుందేమోనని ఒక టెన్షన్, బిస్కెట్లు ముద్దయిపోతాయేమోనని ఇంకో టెన్షన్. ముందురోజు రాత్రే చేసి పెట్టొచ్చా? ఏ పండు కొనాలి? క్రీమ్ ఏది వాడాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బేకింగ్_పిచ్చి:
ముందురోజు రాత్రే చేయాలి అక్కా, అసలు దీని రుచి అంతా అక్కడే ఉంది. బిస్కెట్ కస్టర్డ్‌లోని తడి పీల్చుకుని మెత్తబడాలి, చెంచా పెడితే కేక్ ముక్కలాగా తెగాలి. దానికి తక్కువలో తక్కువ నాలుగైదు గంటలు పడుతుంది, రాత్రంతా ఉంటే ఇంకా మంచిది. కరకరలాడుతూ ఉండాలనుకుంటే అది వేరే వంటకం. క్రీమ్ మాత్రం వడ్డించే రోజు పొద్దున వేయండి.

వంటింటి_కెమిస్ట్రీ:
ఫుడ్ టెక్నాలజీ చదివి అదే పనిలో ఉన్నాను కాబట్టి నల్లబడటం గురించి నేను చెప్తాను.

అరటిపండు కోయగానే లోపల కణాలు తెగి పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ బయటపడుతుంది. పండులో ఉండే ఫినాల్ పదార్థాలకు గాలిలోని ఆక్సిజన్ తోడైతే ఆ ఎంజైమ్ వాటిని గోధుమరంగులోకి మారుస్తుంది. దీన్ని ఆపడానికి రెండు దారులు. ఒకటి పులుపు: ఒక పెద్ద గ్లాసు నీళ్లలో ఒక నిమ్మకాయ పిండి, ముక్కల్ని అందులో ముంచి వెంటనే తీసి, పొడి బట్ట మీద ఆరనివ్వాలి. తడి ముక్కలు వేస్తే ఆ నీళ్లన్నీ కస్టర్డ్‌లోకి దిగుతాయి. రెండోది గాలి తగలకుండా చేయడం. కస్టర్డ్ కింద పూర్తిగా మునిగిన ముక్క మర్నాటికి కూడా దాదాపు తెల్లగానే ఉంటుంది. నల్లబడేవి గిన్నె అంచున గాజుకు ఆనుకుని, సగం గాలిలో ఉన్న ముక్కలే. అందుకని చూడటానికి బాగుంటుందని అంచు చుట్టూ చక్రాలు నిలబెడితే ముందు వాటికే నిమ్మనీళ్లు పట్టించాలి, వాటి వెనక సందుల్లోకి కస్టర్డ్ వెళ్లేలా పోయాలి. పై పొర ఎప్పుడూ కస్టర్డే అయ్యుండాలి, పండు కాదు.

ముక్కల మీద పంచదార చల్లొద్దు. పంచదార పండులోని నీటిని బయటకు లాగేస్తుంది. డెజర్ట్ అడుగున నీళ్లు తేలడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం.

రావులపాలెం_ఆడపడుచు:
పండు సంగతి నేను చెప్తానండి. రావులపాలెంలో గెలల మార్కెట్ దగ్గరే పెరిగాను, పెళ్లయ్యాక కూకట్‌పల్లి వచ్చాను.

హైదరాబాద్‌లో తోపుడు బండ్ల మీద, సూపర్‌మార్కెట్లలో ఎక్కువగా దొరికేది పొడవాటి జి-9 రకం. విడిగా తినడానికి నాకది పెద్దగా నచ్చదు కానీ ఈ డెజర్ట్‌కి దాన్ని మించింది లేదు. చక్రాలు ఒకే సైజులో వస్తాయి, కోస్తే విరగవు, మరీ తియ్యగా ఉండదు. అమృతపాణి వాసన ఎంత బాగున్నా లోపల ఒక్కోసారి గట్టి గడ్డలు తగులుతాయి, మెత్తటి కస్టర్డ్ మధ్యలో అవి పంటికి అడ్డం పడతాయి. కర్పూర చక్కెరకేళి చిన్న పండు, కొంచెం పులుపు ఉంటుంది, పాతిక మందికంటే తొక్క తీస్తూనే పొద్దుపోతుంది. ఎర్ర అరటి ఖరీదెక్కువ, ఇందులో దాని రుచి తెలియను కూడా తెలియదు.

ఎంత ముగ్గినవి కొనాలన్నది అసలు విషయం. తొడిమ దగ్గర ఆకుపచ్చ పూర్తిగా పోవాలి, తొక్క మీద అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు అప్పుడప్పుడే మొదలవ్వాలి. వేలితో నొక్కితే కొంచెం లొంగాలి, లోపలికి దిగిపోకూడదు. అంతకంటే పచ్చిగా ఉంటే నాలుక మీద వగరు, అంతకంటే ముగ్గితే కస్టర్డ్‌లో కరిగిపోతాయి. కోసేటప్పుడు వేలి మందం కంటే పల్చగా కోయొద్దు.

24న పండ్లు కొనడానికి పరిగెత్తకండి. ఆ రోజు బండి మీద ఏముంటే అదే దొరుకుతుంది. 21న గానీ 22న గానీ కొంచెం పసరుగా ఉన్న హస్తాలు తెచ్చుకోండి. ఈ చలికి ముగ్గడం ఆలస్యమైతే కాగితం సంచిలో ఒక ముగ్గిన పండు కూడా వేసి మూతి మడిచి పెట్టండి. ముగ్గిన పండు వదిలే ఇథిలీన్ వాయువు మిగతావాటిని ముగ్గిస్తుంది. మా అమ్మమ్మ బియ్యం డబ్బాలో పెట్టేది, అదీ ఇదే పద్ధతి. పచ్చిగా ఉండగా ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే అరటి తట్టుకోదు, తొక్క నల్లబడి లోపల పండకుండా ఆగిపోతుంది.

తార్నాక_వంటిల్లు:
ఎంత వివరంగా చెప్పారండి! నేను 24 సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ కొందామనుకున్నాను. ఈ ఆదివారమే తెచ్చేస్తాను. మరి బిస్కెట్ సంగతి? మారీ అని కొందరు, గ్లూకోజ్ బిస్కెట్ అని కొందరు అంటున్నారు.

అట్లాంటా_గోంగూర:
హలో అండీ. నేనుండేది అమెరికా దక్షిణాది రాష్ట్రం జార్జియాలో, ఈ వంటకం సొంత ప్రాంతమంటే ఇదే. ఇక్కడ చర్చి భోజనాలైనా, పెరటి పార్టీలైనా, థాంక్స్ గివింగ్ అయినా ఒక మూల బనానా పుడ్డింగ్ ట్రే ఉండాల్సిందే. టెన్నెసీలో సెంటర్‌విల్ అనే ఊళ్లో దీనికోసం ప్రత్యేకంగా ఒక పండుగే చేస్తారు. గుండ్రంగా చిన్నగా ఉండే వెనిలా బిస్కెట్లు వాడతారు, వాటిని ఇక్కడ వెనిలా వేఫర్లు అంటారు. మన షాపుల్లో వేఫర్ పేరుతో దొరికే క్రీమ్ పెట్టిన పల్చటి పలకలు ఇవి కావు, పొరపాటున అవి తేకండి, ముద్దయిపోతాయి.

ఇక్కడ పాతకాలం పద్ధతిలో పాలు, గుడ్డు సొన, పంచదార కాచిన కస్టర్డ్ వాడి, మిగిలిన తెల్లసొన నురగ కొట్టి పైన వేసి ఓవెన్‌లో ఎర్రగా కాలుస్తారు. ఇప్పుడు చాలామంది చల్లటి పాలలో కలిపితే గట్టిపడే ఇన్‌స్టంట్ పొడి, పైన క్రీమ్ వాడుతున్నారు. రెండూ తిన్నాను. కాచిన కస్టర్డ్ రుచి ముందు ఇన్‌స్టంట్ నిలబడదు. మీకు గుడ్డు వద్దు కాబట్టి మన దగ్గర దొరికే కస్టర్డ్ పొడిని పాలలో కాచి చేసుకోవడమే అన్నిటికంటే మంచి దారి.

వంటింటి_కెమిస్ట్రీ:
ఇది కలుపుతాను. కస్టర్డ్ పొడిలో గుడ్డు ఉండదు, అది మొక్కజొన్న పిండి, రంగు, వెనిలా వాసన. ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన 1837లో దీన్ని తయారుచేశాడు, ఆయన భార్యకు గుడ్డు పడేది కాదు. మీ అవసరమూ అదే కాబట్టి నిశ్చింతగా వాడండి.

బొల్లారం_మామ్మ:
అమ్మాయీ, మా ఇంట్లో క్రిస్మస్‌కి ట్రైఫిల్ లేని ఏడాది లేదు. మా అత్తగారు రైల్వేవాళ్ల ఇళ్లలో చూసి నేర్చుకుని మాకు నేర్పారు. అడుగున స్పాంజి కేక్, జామ్, పైన అరటిపండు, కస్టర్డ్. బిస్కెట్ కంటే కేక్ పొరే రుచి, నా మాట నమ్ము. ముందురోజు కేక్ చేసి ఆరబెడితే కస్టర్డ్ బాగా పీల్చుకుంటుంది. బేకరీలో గుడ్డు లేని వెనిలా కేక్ దొరుకుతుంది, పైన క్రీమ్ లేనిది అడిగి తెచ్చుకో.

కస్టర్డ్ కాచేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. చెంచాతో రుచి చూసి అదే చెంచా మళ్లీ గిన్నెలో పెట్టకూడదు. ఎంగిలి తగిలిన కస్టర్డ్ తెల్లారేసరికి పల్చబడుతుంది. మా అత్తగారు దీని గురించి చాలా పట్టుదలగా ఉండేవారు.

వంటింటి_కెమిస్ట్రీ:
మామ్మగారూ, మీ అత్తగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మన లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది. చల్లారిన కస్టర్డ్‌లో కొంచెం ఎంగిలి తగిలినా రాత్రంతా అది పనిచేస్తూనే ఉంటుంది. ఇదే ఎంజైమ్ గుడ్డు పచ్చసొనలోనూ ఉంటుంది. అందుకే గుడ్డు, మొక్కజొన్న పిండి కలిపి కాచేవాళ్లు బుడగలొచ్చాక కూడా ఒక నిమిషం ఉడికించాలి. అలా చేయకపోతే మంట మీద గట్టిగా కనిపించిన కస్టర్డ్ మర్నాడు నీళ్లలా జారిపోతుంది.

పాతబస్తీ_రుచులు:
బిస్కెట్ గురించి ఇంత చర్చ జరుగుతుంటే ఉస్మానియా బిస్కెట్ పేరు ఎవరూ ఎత్తలేదు. హైదరాబాద్‌లో ఉంటూ మారీ ఎందుకండీ? ఉస్మానియాలో వెన్న రుచి ఉంటుంది, ఆ కొద్దిపాటి ఉప్పదనం అరటిపండు తీపికి సరిగ్గా సరిపోతుంది. తాజాగా చేసినవి కొనండి. కొన్నిచోట్ల గుడ్డు వేస్తారేమో కాబట్టి ఒకమాట అడగండి, లేదా ప్యాకెట్ చూడండి.

ఇంకో మాట. ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా ఎలాగూ కస్టర్డ్‌తోనో క్రీమ్‌తోనో తింటాం కదా. పొరల మధ్యలో ఒకచోట పల్చగా ఖుబానీ వేస్తే ఇది పూర్తిగా మన ఊరి డెజర్ట్ అవుతుంది.

బేకింగ్_పిచ్చి:
ఉస్మానియా మంచి ఆలోచనే కానీ అన్నా, అది మారీ కంటే చాలా త్వరగా నానిపోతుంది. అందులో వెన్న ఎక్కువ, గుల్లగా ఉంటుంది. రాత్రంతా కస్టర్డ్‌లో ఉంటే బిస్కెట్ ఆకారమే మిగలదు. అడుగు పొర వరకు మారీ వేసి, మధ్య పొరలో ఉస్మానియా వేస్తే రెండూ కలిసొస్తాయి.

పాతబస్తీ_రుచులు:
ఆకారం మిగలకపోతే ఏం తమ్ముడూ, డబుల్ కా మీఠాలో రొట్టె ఆకారం మిగులుతుందా? ఆ మెత్తదనమే దాని అందం. కాకపోతే పల్చగా కాదు, రెండు వరసలు మందంగా వేయాలి.

రావులపాలెం_ఆడపడుచు:
ఖుబానీ వద్దనే నేనంటాను. దాని రంగు, పులుపు అరటిపండును మింగేస్తాయి. మీరు చేస్తున్నది అరటిపండు డెజర్ట్, పండు రుచి తెలియాలి. ఖుబానీ చేయాలనుంటే విడిగా ఒక గిన్నెలో పెట్టండి, కావలసినవాళ్లు వేసుకుంటారు.

తార్నాక_వంటిల్లు:
ఖుబానీ మానేస్తాను. బిస్కెట్ విషయంలో రెండు గిన్నెల్లో చేస్తాను కాబట్టి ఒకదాంట్లో పూర్తిగా ఉస్మానియా, ఇంకోదాంట్లో మారీ వేస్తాను. మామ్మగారూ, కేక్ ఎలాగూ పై అంతస్తు ఆంటీవాళ్లు తెస్తున్నారు, అందుకని మీ ట్రైఫిల్ సంక్రాంతి సెలవులకి చేస్తాను. ఎవరైనా కొలతలు చెప్తారా? ఇంతమందికి లెక్క నాకు అందట్లేదు.

బేకింగ్_పిచ్చి:
పాతిక మందికి, ఒకరికి ఒక చిన్న గిన్నెడు లెక్కన, రెండు లీటర్ల పాలు తీసుకోండి. టోన్డ్ పాలు వద్దు, 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ పాలే వాడండి. ఫ్రూట్ సలాడ్ కస్టర్డ్‌కి అర లీటరుకి రెండు టేబుల్ స్పూన్ల పొడి వేస్తాం, ఇది పొరగా నిలబడాలి కాబట్టి అర లీటరుకి మూడు. అంటే మొత్తం 12 టేబుల్ స్పూన్లు. పంచదార 200 గ్రాములు చాలు, పండు, బిస్కెట్, క్రీమ్ అన్నిట్లోనూ తీపి ఉంటుంది. పండ్లు డజను, చేతిలో ఇంకో మూడు ఎక్కువ ఉంచుకోండి. బిస్కెట్లు అర కేజీ, ఉస్మానియా అయితే ఇంకొంచెం. క్రీమ్ అర లీటరు. చివర్లో రెండు చిటికెల ఉప్పు, ఒక చెంచా వెన్న వేస్తే కస్టర్డ్‌కి నిగారింపు వస్తుంది.

ముందు ఒక పెద్ద గ్లాసుడు చల్లటి పాలు పక్కన తీసి పొడి అందులో కలపాలి. వేడి పాలలో పొడి వేశారంటే ఉండలు కట్టేస్తుంది, జల్లెడ పట్టినా బాగుపడదు. మిగతా పాలు పంచదారతో మరగనిచ్చి, మంట తగ్గించి, ఒక చేత్తో పొడి కలిపిన పాలు సన్నటి ధారగా పోస్తూ ఇంకో చేత్తో అడుగు తగిలేలా తిప్పుతూ ఉండాలి. అడుగు మందంగా ఉన్న గిన్నె వాడండి. గరిట వెనక వేలితో గీత గీస్తే ఆ గీత అలాగే నిలవాలి. బుడగలు పెద్దవిగా లేచి నెమ్మదిగా పగులుతుంటే అయినట్టే, ఇంకో నిమిషం ఉంచి దించేయండి.

వంటింటి_కెమిస్ట్రీ:
దించాక ఎప్పుడు పోయాలన్నది చాలామంది పట్టించుకోరు. పొగలు కక్కుతుండగా పోస్తే పండు ఉడికిపోతుంది. పూర్తిగా చల్లారి గడ్డకట్టాక తీసి గిలక్కొడితే పిండి కట్టిన జెల్ విరిగిపోయి, మళ్లీ అంత గట్టిగా కుదురుకోదు. గోరువెచ్చగా, ఇంకా జారుతున్నప్పుడు పోయాలి. అప్పుడు అది బిస్కెట్ల సందుల్లోకి దిగి గిన్నెలోనే గట్టిపడుతుంది. మధ్యమధ్యలో తిప్పుతూ ఉంటే పైన పొర కట్టదు. అన్నీ పేర్చాక ప్లాస్టిక్ ఫిల్మ్ కస్టర్డ్‌కు తగిలేలా కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. త్వరగా చల్లబడాలని ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టి కరిగితే నీళ్లు వదులుతుంది.

మెహదీపట్నం_కొత్తకోడలు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. అరటితో పాటు అనాసపండు ముక్కలు కూడా వేయొచ్చా?

వంటింటి_కెమిస్ట్రీ:
పచ్చి అనాస వద్దండీ. అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రొటీన్లను విరగ్గొట్టి చేదు తెస్తుంది. డబ్బాలో దొరికేది, లేదా పంచదార పాకంలో ఉడికించినది వేసుకోవచ్చు. వేడికి ఆ ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది.

తార్నాక_వంటిల్లు:
ఇక క్రీమ్ ఒక్కటే మిగిలింది. మా పక్క షాపులో చిన్న టెట్రా ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్ దొరుకుతుంది. అది కొడితే పొంగుతుందా?

బేకింగ్_పిచ్చి:
గట్టిగా నిలబడదు అక్కా. ఆ ప్యాకెట్లలో వెన్న 25 శాతమే ఉంటుంది. క్రీమ్ పొంగి నిలబడాలంటే కనీసం 30, హాయిగా నిలబడాలంటే 35 శాతం కావాలి. విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉన్నదే కొనండి. బేగంబజార్‌లో బేకింగ్ సామాన్లు అమ్మే షాపుల్లో నాన్ డెయిరీ విప్ టాపింగ్ కూడా దొరుకుతుంది. అది నూనెలతో చేసినది, పంచదార ముందే కలిపి ఉంటుంది, ఎండకు బాగా తట్టుకుంటుంది. రుచికి పాల క్రీమే బాగుంటుంది. టెర్రస్ మీద గంటకు పైగా బయట ఉంటుందంటే నాన్ డెయిరీ వైపు మొగ్గుతాను. గిన్నె, బీటర్ పుల్లలు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే కొట్టడం మొదలుపెట్టండి.

బొల్లారం_మామ్మ:
డిసెంబరే కదా అని టెర్రస్ మీద ధీమాగా ఉండొద్దు అమ్మాయీ. పొద్దున వణికించినా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. బిర్యానీ తినడం అయ్యాకే గిన్నెలు పైకి తెప్పించు. వెడల్పాటి పళ్లెంలో ఐసు పోసి దాని మీద గిన్నె పెట్టి వడ్డించు. పాలతో చేసింది కాబట్టి రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

తార్నాక_వంటిల్లు:
అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు! భోజనాలయ్యాయి, రెండు గిన్నెలూ దాదాపు ఖాళీ. ముక్కలు తెల్లగా ఉన్నాయి, నీళ్లు ఊరలేదు. గుడ్డు తినని మామ్మ ఒకావిడ ప్యాకెట్లన్నీ అడిగి చూసి, నమ్మకం కుదిరాక రెండోసారి వేసుకున్నారు. నాకు అన్నిటికంటే సంతోషం అదే. పెద్దవాళ్లు ఉస్మానియా గిన్నె దగ్గర చేరారు, ఆ ఉప్పదనం ఏమిటని అందరూ అడిగారు. పిల్లలకు మారీదే నచ్చింది. పండు విషయంలో రావులపాలెం అక్క చెప్పిన చుక్కల లెక్క చాలా పనికొచ్చింది, ఏ పండూ కరిగిపోలేదు.

పాతబస్తీ_రుచులు:
చాలా సంతోషమండీ. ఉస్మానియా ఎన్ని వరసలు వేశారు?

తార్నాక_వంటిల్లు:
మీరు చెప్పినట్టే రెండేసి వరసలు వేశాను. అడుగున మాత్రం మూడు, లేకపోతే చెంచాకు పట్టు దొరకదనిపించింది. చిన్న డబ్బాడు మిగిలింది. రేపటిదాకా ఉంచొచ్చా?

వంటింటి_కెమిస్ట్రీ:
ఐసు మీద పెట్టి, రెండు గంటల లోపే తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే రేపు సాయంత్రంలోపు తినేయండి. బిస్కెట్ ఇంకా మెత్తబడుతుంది, పండు అంచులు కొంచెం రంగు మారతాయి, దాంతో ఇబ్బంది లేదు. పుల్లటి వాసన వస్తే మాత్రం పారేయండి. చిన్నపిల్లలకు పెట్టాలంటే ఈ రాత్రికే పెట్టేయడం మంచిది.